గుహలో కూర్చుండిపోయినవాళ్ళు

ఓడెక్కి వేల మైళ్ళు వచ్చి, పాడుబడ్డ గుడుల ముందు గొడుగు పాతుకుని బొమ్మలు గీసుకుపోయిన చిత్రకారులంటే మనకు భలే మోజు. థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో కలకత్తాలో దిగి, 1793 దాకా పల్లకీల మీదా పడవల మీదా దేశమంతా తిరిగి, తరవాత లండన్‌లో 144 చిత్రాలు అచ్చు వేశారు. డేవిడ్ రాబర్ట్స్ 1838లో ఈజిప్టు వెళ్ళి నైలు నది మీద అబూ సింబెల్ దాకా పోయాడు. కైరో మసీదుల్లో బొమ్మ గీసుకోవాలంటే తుర్కుల వేషం వేసుకోవాలి, పంది వెంట్రుకల కుంచెలు ముట్టకూడదు అన్నారట. సరేనన్నాడు. ఇలాంటి ముచ్చట్లు చెబుతుంటే ఎవరికైనా నోరూరుతుంది.

నా పేచీ ఒక్కటే. ఈ కథల్లో మార్కులన్నీ ప్రయాణానికే పడిపోతున్నాయి. ఎండ, జ్వరం, దొంగలు, పులులు, గాడిదలు. తీరా గుడి దగ్గరికి చేరాక ఏం చేశారన్నది రెండు వాక్యాల్లో తేలిపోతుంది. అసలు పని మొదలయ్యేదే అక్కడ. నా ఉద్యోగమంతా డ్రాయింగు బల్ల మీదే గడిచింది. ట్రేసింగు పేపరు, ఇంకు పెన్ను, తప్పుపోతే గీకడానికి సగం బ్లేడు. ఇంకొకరు గీసిన గీత మీద మన గీత వెయ్యడం ఎంత కష్టమో నాకు కాస్త తెలుసు. అందుకే, ఎంత దూరం నుంచి వచ్చాడన్నది నన్ను పెద్దగా కదిలించదు. ఎంతకాలం కూర్చున్నాడు, గీత తెగిపోయిన చోట ఏం చేశాడు అనే చూస్తాను. ఈ లెక్కన చూస్తే పేరున్నవాళ్ళు కొందరు వెనకబడతారు, పేరు లేనివాళ్ళు కొందరు ముందుకొస్తారు. దానికి అజంతాకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

అజంతా ఇవాళ మహారాష్ట్రలో ఉందిగానీ, ఈ కథ జరిగిన కాలమంతా అది హైదరాబాదు నిజాం రాజ్యంలోని ఊరు. వాఘోరా వాగు గుర్రపు నాడాలా మెలిక తిరిగిన చోట, నిటారు కొండలో తొలిచిన 30 గుహలు. వాటిలో 9, 10 గుహలు సాతవాహనుల నాటివి, క్రీస్తుకు ముందువి. మనం ఎక్కువగా ఫొటోల్లో చూసే బొమ్మలున్న 1, 2, 16, 17 గుహలు ఐదో శతాబ్దంలో, వాకాటక రాజు హరిషేణుడి కాలంలో తొలిచినవి. తరవాత భిక్షువులు వెళ్ళిపోయారు, అడవి కమ్మేసింది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు ఆ గుహలు ఎప్పుడూ తెలుసు. బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం 1819 ఏప్రిల్‌లో, మద్రాసు సైన్యంలోని జాన్ స్మిత్ అనే అధికారి పులివేటకు వచ్చినప్పుడు. పదో గుహ స్తంభం మీద, బొమ్మ ఉన్న చోటే, తన పేరూ తేదీ గీకి పోయాడు. అజంతాలో దొరసానులూ దొరలూ నమోదు చేసిన మొట్టమొదటి సంగతి అదీ! ఇప్పటికీ కనబడుతుంది. స్మిత్ పొడగరి కాకపోవచ్చుగానీ, అప్పట్లో నేలంతా రాళ్ళూ మట్టీ పేరుకుపోయి ఉండటంతో ఆ రాత ఇప్పుడు మన తలకంటే పైన ఉంటుంది.

జేమ్స్ ఫెర్గూసన్ 1839లో అజంతా చూశాడు. 1843లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీలో వ్యాసం చదివి, ఈ బొమ్మలు రాలిపోతున్నాయి, నకళ్ళన్నా తీయించండి అని మొరపెట్టుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఎందుకో విన్నారు. 1844లో మద్రాసు సైన్యంలోని రాబర్ట్ గిల్‌ను ఆ పనికి పెట్టారు.

గిల్ దగ్గర కాస్త ఆగాలి. ఆయన వచ్చింది ఏదో ఒక చలికాలం పని ముగించుకుని పోదామనే అయ్యుంటుంది. 1863 దాకా అదే పని. పందొమ్మిదేళ్ళు! గుహలకు పేరిచ్చిన అజింఠా ఊళ్ళో, బారాదరి అనే మండపంలో కాపురం, రోజూ లోయలోకి దిగి గుహకు రాక. కొత్తగా వచ్చినవాడికి గుహలో మొదట తగిలేది గబ్బిలాల కంపు. వెలుతురు తలుపు దాటి కొన్ని అడుగులే వస్తుంది. ఆ తరవాత గోడ మీద ఏముందో తెలియాలంటే దీపమో, బయటి ఎండను లోపలికి తిప్పే ఏర్పాటో ఉండాలి. ఎండ కదులుతూ ఉంటుంది, దాంతో పాటు గోడ రంగూ మారిపోతుంది. పొద్దున చూసిన ఎరుపు సాయంత్రానికి గోధుమరంగు. ఇలాంటి చోట ఆయన గోడల్లోని దృశ్యాల్ని పెద్ద పెద్ద కాన్వాసుల మీద తైలవర్ణాల్లో దించాడు. పారో అనే స్థానిక స్త్రీతో కలిసి బతికాడు. ఆమె 1856లో చనిపోయింది, సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. వీళ్ళ ప్రేమకథ మీద కవితలూ సినిమాలూ వచ్చాయి. వస్తే రానీ. కానీ గిల్ పేరెత్తగానే జనానికి ఆ ప్రేమకథే గుర్తొచ్చి, కాన్వాసులు మరుగున పడిపోవడం నాకు నచ్చదు.

ఆ కాన్వాసులు లండన్ చేరాయి. సిడెన్‌హామ్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో వేలాడదీశారు. 1866 డిసెంబరులో అక్కడ మంటలు లేచాయి. ప్రదర్శనలో లేని నాలుగైదు తప్ప మొత్తం బూడిద. గిల్ అప్పటికి అరవై దాటినవాడు. మళ్ళీ కుంచె పట్టుకున్నాడుగానీ పోయినదంతా ఎక్కడ తిరిగి వస్తుంది? 1879లో చనిపోయి భుసావళ్‌లో సమాధి అయ్యాడు.

గిల్ కెమెరా కూడా పట్టాడు. 1850ల నుంచి జంట కటకాల కెమెరాతో గుహల్ని తీసి, 1864లో ఫెర్గూసన్‌తో కలిసి ఫొటోల పుస్తకాలు తెచ్చాడు. శిల్పాలూ స్తంభాలూ అందులో దివ్యంగా ఉంటాయి. బొమ్మలు మాత్రం ఆ కెమెరాకు లొంగలేదు. ఆ రోజుల్లో ప్లేటుకు రంగు లేదు, చీకట్లో నిలబడే ఓపిక లేదు. పైగా ఎర్రమట్టి రంగులన్నీ దాని కంటికి నల్లగానే కనిపిస్తాయి. ఫొటో వచ్చాక చేత్తో గీయడం ఎందుకని అడిగేవాళ్ళకు నేను చూపించే మనిషి గిల్. ఆయన దగ్గర రెండూ ఉన్నాయి, ఏది దేనికి పనికొస్తుందో ఆయనకు తెలుసు.

తరవాత వచ్చినవాడు జాన్ గ్రిఫిత్స్, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాలు. 1872 నుంచి 1885 దాకా, మధ్యలో కొన్నేళ్ళు వదిలేసి, చలికాలాల్లో విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వచ్చి సుమారు 300 చిత్రాలు తయారు చేయించాడు. పదహారో గుహలో సొమ్మసిల్లి ఒరిగిపోతున్న సుందరి బొమ్మ చూసి, ఫ్లారెన్స్ వాడు ఇంతకంటే బాగా గీయగలడేమో, వెనిస్ వాడు ఇంతకంటే బాగా రంగు వేయగలడేమో, ఇంత భావం పలికించడం మాత్రం ఇద్దరి తరమూ కాదు అనే అర్థంలో రాసినవాడూ ఆయనే. గ్రిఫిత్స్‌కు కన్ను ఉంది, గౌరవం ఉంది. ఆ చిత్రాల్ని చేసిన చేతులు మాత్రం ఎక్కువగా విద్యార్థులవి. వాళ్ళలో పెస్తన్‌జీ బొమన్‌జీ తరవాత పెద్ద చిత్రకారుడయ్యాడు కాబట్టి ఆ పేరు మనదాకా వచ్చింది.

గ్రిఫిత్స్ మీద నాకున్న ఫిర్యాదు వేరే. మసకబారిన గోడ స్పష్టంగా కనబడాలని ఆయన బృందం బొమ్మల మీద వార్నిషు పూసింది. పూసిన క్షణాన రంగులు తళుక్కుమంటాయి, నకలు తీయడం తేలిక. తరవాతే వస్తుంది తంటా. అజంతా గోడ ఎలా కట్టిందో తెలిస్తే అదెంత పొరపాటో అర్థమవుతుంది. ఉలి దెబ్బలతో గరుకుగా ఉన్న రాతి మీద మట్టి మెత్తారు. అందులో వరి ఊక, గడ్డి పీచు, రాతి నలుసులు. దాని మీద ఇంకాస్త సన్నటి మట్టి పొర. ఆపైన కోడిగుడ్డు పెంకంత మందాన తెల్ల పూత. అది ఆరాక రంగులు: కావిరాయి, పసుపు మన్ను, ఆకుపచ్చ మన్ను, దీపం మసి, సున్నం, దూరదేశం నుంచి వచ్చిన లాజవర్దు నీలం. అన్నీ జిగురులో కలిపినవే. ఇటలీ పద్ధతిలో తడి సున్నంలోకి ఇంకిపోయిన రంగులు కావివి, పైపొర మీద నిలబడ్డవి. అలాంటి గోడ ఊపిరి తీసుకుంటుంది, వానాకాలం తేమ పీలుస్తుంది, ఎండాకాలం వదులుతుంది. దాని మీద వార్నిషు పడితే తేమకు దారి మూసుకుపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూత పచ్చబడి, బిగుసుకుని, కింద రంగును పెచ్చులు పెచ్చులుగా లేపుకొస్తుంది. నకలు బాగా రావడానికి అసలును ఖర్చు పెట్టారన్నమాట.

నకలూ దక్కలేదు. 1885లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో నిప్పంటుకుని ఆ చిత్రాల్లో చాలా భాగం కాలిపోయాయి, పాడైపోయాయి. మిగిలినవాటి ఆధారంగా 1896–97లో గ్రిఫిత్స్ రెండు భారీ సంపుటాలు వేశాడు. మిగిలిన కాన్వాసులు ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అంటే ఇరవై ఏళ్ళ తేడాలో, ఒకే నగరంలో, అజంతా రెండుసార్లు తగలబడింది. గుహ మాత్రం గబ్బిలాలతో, తేనెపట్టులతో చెక్కుచెదరకుండా ఇక్కడే ఉంది.

ఇప్పుడు లేడీ హెరింగామ్. క్రిస్టియానా హెరింగామ్ మామూలు సందర్శకురాలు కాదు. మధ్యయుగపు ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని రాసిన రంగుల శాస్త్రాన్ని 1899లో ఇంగ్లీషులోకి తెచ్చింది. గుడ్డుసొనతో రంగు కలిపే పాత పద్ధతిని స్వయంగా చేసి చూసింది. గోడ మీద రంగు ఎలా కూర్చుంటుందో చేతికి తెలిసిన మనిషి. 1909–10, 1910–11 చలికాలాల్లో అజంతాలో డేరాలు వేసింది. కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ్ గుప్తా, మైసూరు వాడైన కె. వెంకటప్ప వచ్చారు. హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ వచ్చారు. ఈ చివరి రెండు పేర్లు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఒకే గోడని గ్రిఫిత్స్ బృందమూ, హెరింగామ్ బృందమూ దించిన తీరు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటో గుహలో గర్భాలయానికి వెళ్ళే తలుపు ఎడమపక్కన పద్మపాణి ఉంటాడు. తల ఓ పక్కకు వాల్చి, కుడిచేతిలో నీలికలువ పట్టుకుని, చూపు కిందికి దించి. కనుబొమ్మలు రెండూ విల్లులా సాగే పలచటి గీతలు. ఆ గీత ఎక్కడా తడబడదు. బొంబాయి ఆర్ట్ స్కూల్లో గ్రీకు విగ్రహాల పోతబొమ్మలు చూసి గీయడం నేర్చుకున్న చెయ్యి, ఆ బుగ్గ మీద నీడని గుండ్రంగా, మెత్తగా, తైలవర్ణంలో దిద్దుతుంది. మనిషి కండపుష్టిగా కనబడతాడు. కలకత్తా చిత్రకారుడు అవనీంద్రుడి దగ్గర నేర్చుకున్న బెంగాలీ కుర్రాళ్ళకు ముందు గీత కనబడుతుంది, కండ తరవాత. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. గోడ మీద ఆ రెండూ ఉన్నాయి. ఎవరు ఏది నేర్చుకుని వచ్చారో వాళ్ళకు అదే ముందు అందింది. నకలంటే బుర్ర వాడక్కర్లేని పని అనుకునేవాళ్ళకు ఈ రెండూ చూపించాలి.

ఇంకా ముఖ్యమైనది పెచ్చూడిన చోటు. పద్మపాణి చుట్టూ కిన్నరులున్నారు, కోతులున్నాయి, నెమళ్ళున్నాయి, మధ్య మధ్యలో ఏమీ లేని మట్టి మరకలున్నాయి. ట్రేసింగు చేసేవాడి గీత అలా వచ్చి వచ్చి మరక అంచున ఆగిపోతుంది. అవతలి ఒడ్డున మళ్ళీ ఏదో మొదలవుతుంది. మధ్యలో ఏముండేదో ఇంచుమించు తెలుసు. చెయ్యి ఉవ్విళ్ళూరుతుంది, కలిపేద్దామని. మా ఆఫీసులో పాత షీట్లు చెదలు తినేసినప్పుడు మాకూ ఇదే పరీక్ష. కొలత కనబడని గోడకు, పక్క గోడ చూసి అంకె వేసేస్తే షీటు చూడముచ్చటగా ఉంటుంది. సైటులో మేస్త్రీ ఆ అంకెనే నమ్ముతాడు. అందుకే మా పెద్దాయన చుక్కల గీత గీయమనేవాడు: ఇది నాకు కనబడలేదు, నేను ఊహించాను అని చూసేవాడికి తెలిసేలా. గుడులూ గుహలూ గీసిన మహామహుల్లో చాలామందికి ఆ చుక్కల గీత తెలియదు. డేనియల్‌ల చిత్రాల్లో ఇంపు కోసం చెట్టు ఇటు జరుగుతుంది, కొండ అటు జరుగుతుంది. రాబర్ట్స్ అంతకుముందు నాటకాల తెరలు చిత్రించినవాడు, ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది! అవి గొప్ప బొమ్మలు కావని నేననను. సాక్ష్యాలుగా వాటిని చదివేటప్పుడు మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచాలి.

అజంతాకు మూడో నిప్పు జపాన్‌లో అంటుకుంది. అరాయ్ కంపో అనే చిత్రకారుడు 1916లో రవీంద్రుడి ఆహ్వానం మీద వచ్చి, కలకత్తాలో రవీంద్రుడి ఇల్లున్న జోడాసాంకోలో జపాను కుంచెపని నేర్పాడు. 1917–18 చలికాలంలో అజంతాలో కూర్చుని నకళ్ళు తీశాడు. ఎందుకంత దూరం వచ్చాడంటే, నారా దగ్గర హోర్యూజీ ఆలయంలో, బంగారు మందిరం గోడల మీద, ఏడో శతాబ్దం చివరి నాటి బోధిసత్వుల బొమ్మలున్నాయి. వాటికీ అజంతా బొమ్మలకూ పోలికలున్నాయని జపాను పండితులు చెప్పుకుంటున్నారు. తమ గోడ పుట్టిల్లు చూడటానికి వచ్చాడనుకోవచ్చు. ఆయన పట్టుకెళ్ళిన నకళ్ళను టోక్యో విశ్వవిద్యాలయంలో భద్రపరిచారు. 1923లో భూకంపం, దాని వెంట మంటలు. అవీ పోయాయి.

ఇక్కడితో ఆగితే, ఆ బొమ్మల్ని దేశం దాటిస్తే శాపం తగులుతుందని ఏదో వాట్సాప్ కథ అల్లేయొచ్చు. తరవాత జరిగింది దానికి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. 1940లో జపాన్ ప్రభుత్వం హోర్యూజీ గోడలకే నకళ్ళు తీయించడం మొదలుపెట్టింది. అరాయ్ కంపో ఒక బృందానికి పెద్ద. చీకటి మందిరంలో మామూలు బల్బులు పెడితే వేడి తగిలి రంగులు చెడతాయని, అప్పుడప్పుడే వచ్చిన ట్యూబులైట్లు పెట్టారు. జపాన్‌లో వాటిని మొదటిసారి వాడిన చోట్లలో అదొకటి. కొందరు గోడకు తీసిన ఫొటోని పలచగా జపాను కాగితం మీద అచ్చు వేయించుకుని, దాని మీద రంగులు వేశారు. యుద్ధంతో పని ఆగుతూ సాగింది. కంపో 1945లో, పని పూర్తి కాకముందే చనిపోయాడు.

1949 జనవరి 26 తెల్లవారుజామున ఆ మందిరంలో మంటలు. నకళ్ళు తీసేవాళ్ళు చలికి కాచుకునే కరెంటు దిండే కారణమని చాలామంది అన్నారు, మరికొన్ని అనుమానాలూ ఉన్నాయి. ఏదైనా, ఆ పని జరుగుతున్న చోటే నిప్పు పుట్టింది. పన్నెండు పెద్ద గోడల మీద రంగులన్నీ మాడిపోయాయి. కాలిన గోడల ముందు చేతులు జోడించి నిలబడ్డ ప్రధాన భిక్షువు ఫొటో ఒకటుంది. అది చూశాక ఈ విషయం మీద తేలిగ్గా మాట్లాడటం కష్టం. మరమ్మతుల కోసం ముందే విప్పి పక్కన పెట్టిన చిన్న గంధర్వ ఫలకాలు మాత్రం బతికాయి. మరుసటి ఏడాదే జపాన్ తన సాంస్కృతిక సంపద రక్షణ చట్టం చేసింది. జనవరి 26ని ఇప్పటికీ అక్కడ ఆలయాల్లో అగ్నిమాపక కసరత్తులు చేసే రోజుగా పాటిస్తారు. 1967–68లో ఆ గోడల్ని మళ్ళీ చిత్రించినప్పుడు ఆధారమైనవి ఏమిటంటారా? 1935లో క్యోటో సంస్థ ఒకటి గోడ సైజులోనే తీసిపెట్టిన గాజుప్లేట్ల ఫొటోలూ, మంటలకు ముందు ఆ చిత్రకారులు తీసిన నకళ్ళూ.

నకలు తీసేవాడు గోడను కాపాడతాడా, చంపుతాడా? రెండూ చేస్తాడు, ఒక్కోసారి ఒకే చేత్తో. దీన్ని తప్పించుకునే మార్గం ఏదీ నాకు కనబడలేదు. కనబడిందల్లా, తొందరలో ఉన్నవాడు గోడకు ఎక్కువ ప్రమాదం అన్నది. ఈ చలికాలంలోపు ఇన్ని చిత్రాలు పూర్తి చేయాలి, ఓడ బయల్దేరేలోపు పెట్టెలు కట్టాలి, అచ్చుకు ఇంపుగా ఉండాలి. వార్నిషు డబ్బా మూత తెరుచుకునేది అప్పుడే. గోడ నుంచి ముక్కలు ఊడదీసి జ్ఞాపకంగా పట్టుకుపోయిన వాళ్ళు కూడా తొందరలో ఉన్న బాటసారులే.

ఇప్పుడు సయ్యద్ అహ్మద్. హెరింగామ్ ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. ఆ వెంటనే మనసు చెదిరి, 1929లో చనిపోయేదాకా వైద్యశాలల్లోనే గడిపింది. ఆమెతో పనిచేసినవాళ్ళలో నందలాల్ శాంతినికేతన్‌లో మహాగురువయ్యాడు. హల్దార్ లక్నో ఆర్ట్ స్కూలుకి పెద్దయ్యాడు. వెంకటప్ప మైసూరులో తన దారి తను చూసుకున్నాడు. హైదరాబాదు నుంచి వెళ్ళిన సయ్యద్ అహ్మద్ మాత్రం ఆ గుహల్ని వదల్లేదు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని డైరెక్టరు చేసింది. సయ్యద్ అహ్మద్ ఆ శాఖలో అజంతా గుహల క్యూరేటరయ్యాడు. 1920లో ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ, ఆయన సహాయకుడు వచ్చి ఊడిపోతున్న మెత్తును మళ్ళీ రాతికి అతికించే పని చేశారు. వాళ్ళు వాడిన లక్కపూత కూడా తరవాత పచ్చబడి భారత పురావస్తు శాఖ రసాయనవేత్తలకు పని పెట్టిందనుకోండి. ఇలా వచ్చేవాళ్ళు వస్తూ, పోయేవాళ్ళు పోతూ ఉంటే, గోడ దగ్గర ఉండి, ఏ వానాకాలంలో ఏ పెచ్చు లేచిందో చూసుకున్నవాడు క్యూరేటరే కదా. ఆయనా, మహమ్మద్ జలాలుద్దీన్ అనే ఇంకో చిత్రకారుడూ తీసిన నకళ్ళు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉన్నాయి.

మ్యూజియం అంటే మన ఊళ్ళో అందరికీ ఈజిప్టు మమ్మీ. పిల్లల్ని తీసుకెళ్ళేదే దానికోసం. నేనూ చిన్నప్పుడు మమ్మీని చూడటానికే వెళ్ళాను, నిజం చెప్పాలంటే పద్మపాణి దగ్గర నిలబడ్డ గుర్తే లేదు. పెద్దయ్యాక వెళ్ళినప్పుడు నన్ను పట్టుకున్నది రంగుల కంటే ఆ పెచ్చులే. గోడ మీద పోయిన చోట నకలులో కూడా పోయినట్టే వేశారు. మట్టి మరక ఉన్న చోట మట్టి మరక, దాని అంచు వంకరతో సహా. ఏమీ లేనితనాన్ని అంత ఓపిగ్గా చిత్రించడం మాటలు కాదు. ఎవరు మెచ్చుకుంటారు దాన్ని? సుందరి ముఖాన్ని మెచ్చుకుంటారు, ఏనుగుల్ని మెచ్చుకుంటారు. ఊడిన మట్టిని ఊడిన మట్టిలా వేసినవాడికి చప్పట్లుండవు. నా మటుకు మా పెద్దాయన చెప్పిన చుక్కల గీత అక్కడ కనబడింది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది మా మేనల్లుడిది. 'మామయ్యా, వీళ్ళందర్నీ పంపింది కంపెనీ, దొరలు. దేశాన్ని జాబితా రాసుకోవడం కూడా ఆక్రమణలో భాగమే' అంటాడు. కాదనను. గిల్ జీతం కంపెనీ ఖజానాదే, గ్రిఫిత్స్ చిత్రాలు పోయింది లండన్‌కే. కానీ ఆ మాటతోనే ఆగిపోతే పెస్తన్‌జీనీ, ఫజలుద్దీన్‌నీ, సయ్యద్ అహ్మద్‌నీ మనం కూడా చెరిపేసినట్టే. దొర పేరు మీదే కోపగించుకుంటూ కూర్చుంటే, కథలో చివరికి దొర పేరొక్కటే మిగులుతుంది. పద్దులో ఎవరి పేరుంది, గీత ఎవరిది అని విడదీసి చూడటం కోపం కంటే కాస్త ఎక్కువ పని. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి.

రెండోది, స్కానర్లు వచ్చాయి కదా అనేది. వెంట్రుకంత తేడా లేకుండా గోడని మొత్తం కొలిచిపెట్టే యంత్రాలున్నాయి, వాడాల్సిందే. గోడని ముట్టుకోవు, వార్నిషు అడగవు. అజంతా విషయంలో ఫొటో పని మొదలై ఎంతో కాలమైంది. యజ్దానీ 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా వేసిన అజంతా సంపుటాల్లో ఫొటోలే ప్రధానం. అయినా స్కాను ఇవాళ్టి గోడని ఇస్తుంది. 1850లో గిల్ చూసినదాన్నీ, 1910లో నందలాల్ చూసినదాన్నీ ఇవ్వలేదు. ఆ మధ్యకాలంలో రాలిపోయిన వేళ్ళూ, కళ్ళూ, నగలూ ఆ నకళ్ళలోనే ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బాఘ్ గుహల సంగతి చూడండి. నందలాల్, హల్దార్, సురేంద్రనాథ్ కర్ 1921లో గ్వాలియర్ సంస్థానం కోసం అక్కడి బొమ్మలకు నకళ్ళు తీశారు. ఆ గోడల మీద ఇప్పుడు మిగిలింది చాలా తక్కువ. నాట్యం చేసే ఆ బృందాన్ని పూర్తిగా చూడాలంటే నకళ్ళ దగ్గరికే పోవాలి.

అజంతాకు వెళ్ళేవాళ్ళ కోసం ఇంకో నకలూ తయారైంది. కొండ కింద, ఫర్దాపూర్ దగ్గర, 1, 2, 16, 17 గుహలకు పూర్తి పరిమాణంలో నమూనాలు కట్టారు. ఉద్దేశం మంచిదే. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ ఊపిరితో తేమ మోసుకెళ్తాడు. గైడు కథ అక్కడే తాపీగా చెప్పి, పైన గుహలో జనం తక్కువసేపు ఉండేలా చేస్తే గోడకు ఊరట. అలాంటి నమూనాలు ఇంకా రావాలని, లేపాక్షి పైకప్పు బొమ్మలకూ ఒకటి ఉండాలనీ కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. లేపాక్షిలో తల పైకెత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూసినవాళ్ళకు తెలుసు, అక్కడ ఎర్ర నేపథ్యం మీద చీరల అంచులు ఎంత స్పష్టంగా ఉన్నాయో, వాటి పక్కనే ఎంతమేర బోసిపోయిందో.

కడితే మాత్రం రెండు పనులు చేయమంటాను. పెచ్చులు పెచ్చులుగానే ఉంచండి. కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబు చేసిన గుహ నాకొద్దు, ఎక్కడ గీత ఆగిందో కనబడే గుహ కావాలి. రెండోది, తలుపు దగ్గర ఆ బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు రాయండి. ప్రారంభోత్సవం చేసిన మంత్రిగారి శిలాఫలకం ఎలాగూ ఉంటుంది. దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో, పరంజా మీద కూర్చుని కుంచె పట్టినవాళ్ళ పేర్లు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా కూర్చున్నారో ఆ అంకెలతో సహా. జాన్ స్మిత్‌కు ఆ భాగ్యం రెండు వందల ఏళ్ళ కిందటే, ఎవరూ అడగకుండానే దక్కింది.